లైటు చుట్టూ జానెడు ఖాళీ

నాజియా రమీజ్‌ని మొట్టమొదటిసారి చూసినప్పుడు అతనికి ముఖం లేదు. ఒక కాలు మాత్రమే ఉంది.

ఆ కాలైనా నేల మీద ఉందా అంటే అదీ లేదు. మిర్దిఫ్‌లో ఉమాదేవి గారి విల్లా పై అంతస్తులో, పడకగది సీలింగులోంచి మోకాలి దాకా కిందికి వేలాడుతోంది. చుట్టూ తెల్లటి జిప్సం పొడి సన్నజల్లులా రాలుతోంది. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఆ చిల్లులోంచి వేలు బయటికి తొంగిచూసి, కింద ఎవరన్నా ఉన్నారా అని అడుగుతున్నట్టు కాస్త కదిలింది.

బూట్లేవీ అంటారేమో. బూట్లు లేకుండా పైకెక్కవద్దని కంపెనీ రూలు. బూట్లతో ఇంట్లోకి రావద్దని ఉమాదేవి గారి రూలు. రెండు రూళ్ల మధ్య బతకడం నేర్చినవాడే దుబాయ్‌లో నిలదొక్కుకుంటాడు గనుక, పాపం ఆ పిల్లవాడు మేజోళ్లతో ఎక్కాడు.

నాజియా చేతిలో ఫోను ఉంది. వచ్చిందే ఫొటోలు తీయడానికి. టక్కున నొక్కింది.

"మేడం, ఫొటో తీస్తాండారా?" అంది పైనుంచి గొంతు.

"అవును. ఇది పనికి ముందు ఫొటోనా, పని తర్వాత ఫొటోనా, అదొక్కటి చెప్పండి."

"ముందుదే అనుకోండి. తర్వాతది అనుకుంటే నా ఉద్యోగం పోతాది."

"దూలాల మీద కాలు పెట్టి నడవాలని తెలీదా?"

"దూలం యాడుండాదో కనపడితే గదా! ఎవుడో మహానుభావుడు ఈ మూల నుంచి ఆ మూల దాకా పరుపు పరిచి పెట్టినాడు. దూలం లేదు, వైరు లేదు, లైటు లేదు, అన్నీ కప్పెట్టేసినాడు. ఆ మూర్ఖుడు నాకు దొరకాల..."

"దొరికితే?"

"ఇదే దూది వాని నోట్లో కుక్కుతా."

"ఆయన పేరు నన్నే సాహెబ్. మా నాయన."

కాలు కదలడం మానేసింది. బొటనవేలు మెల్లగా మేజోడులోకి ముడుచుకుపోయింది.

ఇదీ వాళ్ల తొలి పరిచయం. కళ్లూ కళ్లూ కలిసి ప్రేమ పుట్టిందని అందరూ చెప్పుకుంటారు. వీళ్ల విషయంలో ఒకరి కళ్లు, ఇంకొకరి కాలి వేలు కలిశాయి. ఎవరి అదృష్టం వారిది.

అల్ కుసైస్‌లోని ఒక చిన్న మెయింటెనెన్స్ కంపెనీలో నాజియా పని చేసేది. ఫోన్లు ఎత్తడం, ఏ ఇంటికి ఏ మనిషిని పంపాలో చూడడం, పనికి ముందొకటి తర్వాతొకటి ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టడం ఆమె వంతు. వాళ్ల ముదీర్‌కి, అంటే మేనేజరుకి, పని ఎలా జరిగిందన్న దానికన్నా ఫొటో ఎలా వచ్చిందన్నదే పట్టింపు. సేఫ్టీ దినమని కేకు తెప్పించి, ఆ కేకు మీద కొవ్వొత్తుల పొగకి సీలింగులో అలారం మోగితే, దాని మూతి చుట్టూ ప్లాస్టిక్ కవరు కట్టించి కేకు కోసిన మనిషి ఆయన.

రమీజ్ ఆ కంపెనీకి కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియను. ఊరు రాయచోటి. అంతకు ముందు మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఉండేవాడు. ఆ రోజు అతన్ని ఉమాదేవి గారింటికి పంపింది కూడా నాజియానే. అక్కడి పడకగదిలో లైట్లు వాటంతట అవే ఆరిపోతున్నాయి, కాసేపాగి వాటంతట అవే వెలుగుతున్నాయి.

"దిష్టండీ బాబూ, మరేం కాదు," అంది ఉమాదేవి గారు లోపలికి వస్తూ. ఆవిడది భీమవరం వైపు. చేతిలో నిమ్మకాయా, మిరపకాయలూ ఉన్నాయి. "మొన్న నా రీలు చూసి వాళ్లూ వీళ్లూ కుళ్లుకున్నారు. అప్పట్నించే ఈ లైట్లు... అయ్యబాబోయ్! నా సీలింగులో కాలేంటండీ!"

"మా కాలేనండీ," అంది నాజియా.

"కంపెనీదా?"

"అవునండీ. గ్యారంటీ ఉంది. బాగుచేసిస్తాం."

ఉమాదేవి గారి లైట్ల గురించి కొంచెం చెప్పాలి. ఆకాశంలో చుక్కలుండగా తన సీలింగులో ఎందుకుండకూడదని ఆవిడ అనుకుంది. పడకగదిలో పెట్టించింది, మెట్ల మీద పెట్టించింది, చివరికి చెప్పుల స్టాండు మీద కూడా పెట్టించింది. సీలింగులో గుండ్రంగా కోసి లోపలికి దింపే స్పాట్‌లైట్లు అవి. కింద నుంచి చూస్తే నాణెమంత. పైన, కప్పు కింది ఖాళీలో, చిన్న గిన్నె బోర్లించినట్టు లేచి ఉంటాయి. అందులోనూ ఆవిడవి పాతకాలపు హాలోజన్ బల్బులు, చిన్నవే గానీ నిప్పుకణికలు. ఎల్ఈడీలు వేసుకోమని ఎవరు చెప్పినా, "ఆ వెలుగులో నా ముఖం పెరుగన్నంలా ఉంటుందండీ," అనేది. ఊరంతా ఎండకి ఉడుకుతుంటే ఆవిడ కర్టెన్లు మూసుకుని, మిట్టమధ్యాహ్నం లైట్లన్నీ వేసుకుని, పైన ఏసీ పెట్టుకుని, గది చల్లబడడం లేదేంటని కంపెనీకి ఫోను చేసేది.

అందుకే కప్పు కింద రాక్‌వూల్ పరిచే పని, అదే కంపెనీలో ఉన్న నన్నే సాహెబ్‌కి వచ్చింది. రాయిని కరిగించి దూదిలా తీస్తారే, ఆ రాక్‌వూలు. కప్పు మీద కాసే ఎండని కిందికి దిగనివ్వదు.

ఇక నన్నే సాహెబ్. నెల్లూరులో తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టిన ఇల్లు వాళ్లది. వాళ్ల తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధిలోకి వస్తే, ఆ నారి మోతకే ఆడవాళ్లు పాత పరుపులు అరుగుల మీదికి లాగేవారట. వాళ్ల పరుపులో ఉండ ఉండదు, గుంత ఉండదు, మూలల దాకా ఒకటే మెత్తన. ఫోము పరుపులొచ్చి ఆ పని పోయాక నన్నే సాహెబ్ దుబాయ్ చేరాడు. సజ్జాలోని గోడౌనులో మొదటిసారి రాక్‌వూల్ ముట్టుకున్నప్పుడు, గ్లవ్స్ తీసేసి మరీ పిడికిట్లో నలిపి చూశాడట. చెయ్యంతా దురద పుట్టింది. అయినా ముఖం వెలిగిపోయింది. "ఏందిది, దూదే గదా!" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి ఆయనకి ప్రతి ఇంటి కప్పూ ఒక పరుపే. సీలింగులోంచి లేచిన లైట్ల గిన్నెలు కనిపిస్తే వాటి చుట్టూ కుక్కి, పైన ఇంకో పొర వేసి, చంటిపిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పేవాడు. అంత శ్రద్ధ. దుబాయ్‌లో, జూన్ నెలలో, మండే లైటుకి చలేస్తుందేమోనన్నంత శ్రద్ధ.

రమీజ్ ఆ రోజు కాలు పైకి లాక్కుని, ఆరిపోతున్న లైట్ల చుట్టూ దూది తీసేసి, ఒక్కోదానికి జానెడు ఖాళీ వదిలి దిగొచ్చాడు. అప్పుడు చూసింది నాజియా అతని ముఖం. కనుబొమల మీద కూడా జిప్సం పొడి. ఉన్నట్టుండి ముసలివాడైన కుర్రాడిలా ఉన్నాడు. నవ్వితే మాత్రం వయసు దిగిపోయింది.

"మీ నాయనకి చెప్పండి మేడం. లైటుకి గాలి ఆడాల. కప్పెడితే దాని వేడి దానికే ఎక్కి, లోపలున్న కట్-అవుట్ ఆపేస్తాది. చల్లారితే మళ్లా వెలుగుతాది. దిష్టీ లేదు, దయ్యమూ లేదు."

"మీరే చెప్పండి."

"నోట్లో దూది కుక్కుతానని చెప్పినాక ఏం మొగం పెట్టుకుని చెప్పాల?"

నాజియా ఆ సాయంత్రం నాయనతో అంది, కంపెనీ ఎలక్ట్రీషియను లైట్ల చుట్టూ ఖాళీ వదలమంటున్నాడని. నన్నే సాహెబ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"రాయితో చేసిన దూది. రాయి మండుద్దా?"

"మండదు నాయనా."

"మరి? పరుపులో గుంత పెట్టమంటుండాడా? గుంత పెట్టిన పరుపు మీద పడుకున్నోడు పొద్దున్నే లేచి మన ఇంటి పేరే చెప్పుకుంటాడు. వాడెవుడో చూడాల నేను."

చూడలేదు. ఇద్దరి డ్యూటీ వేళలు వేరు, ఉండే చోట్లు వేరు, ఫోన్లు ఎత్తేది మాత్రం ఒక్క నాజియా.

ఉమాదేవి గారు రెండు రోజులకే ఫోను చేసింది. లైట్లు బాగానే వెలుగుతున్నాయట గానీ, మంచం మీద పడుకుంటే పైనుంచి పొయ్యి సెగ తగులుతోందట. గది చల్లబడకపోతే పంపాల్సింది ఇన్సులేషన్ మనిషిని. అంటే నాయనని. ఆయన ఎక్కి, గుంతలు చూసి, పళ్లు నూరి, పూడ్చి దిగాడు. వారం తిరక్కుండా లైట్లు ఆరాయి. లైట్లు ఆరితే పంపాల్సింది ఎలక్ట్రీషియన్ని. రమీజ్ ఎక్కి తవ్వి దిగాడు. మళ్లీ సెగ, మళ్లీ నాయన. ఆ పడకగది మీద ఒక గునపం, ఒక తట్ట పోటీపడి పనిచేస్తున్నట్టుండేది. తవ్వినప్పుడూ పూడ్చినప్పుడూ నాజియా ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టేది. రెండు ఫొటోలకీ ముదీర్ చప్పట్లు కొట్టేవాడు.

నాజియా ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చేయొచ్చు కదా అంటారా? తేల్చేయొచ్చు. కానీ తేలిపోతే రమీజ్ ఇక ఫోను చేయడు కదా.

"కాలు గారూ, మీకొక కంప్లైంటు వచ్చింది."

"మళ్లా అదే ఇల్లా? ఏం మేడం, ఆ ఇంట్లో ఎలుకలేమన్నా దూది మోసుకొస్తాండాయా?"

"ఎలుక కాదు. పులి."

"మీ నాయనా?"

"నేనేం చెప్పలేదు. సాక్సు చిల్లు కుట్టుకున్నారా?"

"కుట్టే మనిషి ఉంటే గదా."

"సూది ఎంతనీ, గ్రోసరీలో దొరుకుతుంది."

"సూది దొరుకుతాది మేడం."

ఆ మాటతో కంప్లైంటు సంగతి అయిపోయేది. లైను మాత్రం కట్ అయ్యేది కాదు.

ఎడారిలో వానంటే మనకేం తెలుసు, అక్కడివాళ్లకే తెలియదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆకాశం నల్లబడి, అసరు నమాజు వేళకి కుసైస్ రోడ్లన్నీ కాలవలైపోయాయి. కార్లు బాతుల్లా తేలుతున్నాయి. ఆఫీసులో అందరూ వెళ్లిపోయారు, నాజియా ఒక్కతే చిక్కుకుంది. ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, నెత్తిమీద టూల్‌బాక్సు పెట్టుకుని, చేతిలో కరక్ టీ కప్పులున్న కవరు పట్టుకుని రమీజ్ నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు.

"ఈ వానలో ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

"కంప్లైంటు వచ్చింది."

"ఎవరి దగ్గర్నించి? ఫోను ఎత్తేది నేను."

"అందుకే రిజిస్టరు గాలేదు."

టీలో సగం వాన నీళ్లు. అంత బాగున్న టీ తను ఎన్నడూ తాగలేదని నాజియా అనుకుంది, పైకి మాత్రం చక్కెర తక్కువైందంది.

అప్పుడు రమీజ్ జేబులోంచి ఒక కాగితం ముక్క తీశాడు. రాక్‌వూల్ దుప్పటికి అడుగున అంటించి వచ్చే కాగితం. మధ్యలో పెనం మీద మాడిన రొట్టెలా గుండ్రంగా నల్లబడి ఉంది.

"నిన్న తవ్వితే దొరికింది. మీ నాయన చెప్పేది నిజమే, ఆ దూది మండదు. కానీ ఈ కాగితం మాడుతాది. పక్కన వైరుకుండే తొడుగు కరుగుతాది. కింద కట్టె ఉండాది. ఇంగ నవ్వులాట గాదు నాజియా."

మేడం పోయి నాజియా వచ్చిందని ఆమె గమనించింది. కానీ ఆ కాగితం చూశాక సంతోషపడే తీరిక లేకపోయింది. ఇన్నాళ్లూ తను ఆడుకున్నది నిప్పుతోనని అప్పుడు తెలిసింది.

"ఇక నాయనని అక్కడికి పంపను. ఒట్టు."

"లైటు మీద పెట్టే టోపీలొస్తాయి, మంటకి తట్టుకునేవి. లోపల లైటుకి గాలాడుతాది, బయట టోపీ దాకా దూది పెట్టుకోవచ్చు. ముదీర్ని అడిగినా. ఎండాకాలం పోయినాక చూద్దామన్నాడు."

"ఎండాకాలం పోయాక దూది ఎందుకు?"

"అది అడగలే." అతను కప్పు అంచు వేలితో తిప్పాడు. "ఇంకోటి అడగాల. మీ ఇంట్లో పెద్దోళ్లతో మాట్లాడాలంటే ఎవురిని పంపాల? నాకీడ పెద్దోళ్లు లేరు."

నాజియా వాన వైపు చూసింది. వాన ఏమీ తెలియనట్టు పడుతోంది.

"మీరే రండి. ఆదివారం భోజనానికి. ఈసారి రెండు కాళ్లతో రండి."

ఆ దేశంలో వారం సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి జరిగిపోయాక, ఖతీజాబీ బిరియానీ కూడా దానితోపాటే జరిగింది. నాజియా తల్లి ఆవిడ. వాళ్ల ఇల్లు ఒక ఫ్లాటులో మధ్య చెక్క అడ్డం పెట్టి వేరుచేసిన ఒక గది, ఒక వంటగది. గదిలో సగం మంచం, మిగతా సగం బీరువా. ఆ బీరువా మీద తెల్లటి ముసుగులో పెద్ద మూట ఒకటి. బూరుగుదూది. కూతురి పెళ్లి పరుపు కోసం ఖతీజాబీ నెల్లూరు నుంచి మోసుకొచ్చింది. విమానంలో బరువు ఎక్కువైందంటే బట్టలు తీసి పారేసింది గానీ దూది వదల్లేదు. మంచి సంబంధం కుదిరిన రోజున నన్నే సాహెబే ఆ మూట విప్పాలి. ఇంతవరకూ విప్పలేదు. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఆయనకి ఎక్కడో ఒక ఉండ తగిలేది.

రమీజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖర్జూరాల డబ్బాతో వచ్చాడు. కొత్త మేజోళ్లు. ఖతీజాబీకి గుమ్మంలోనే నచ్చాడు. నన్నే సాహెబ్‌కి కూర్చున్నాక నచ్చాడు. మంచం మీది పరుపుని అరచేత్తో ఒత్తి, "ఇది అంగడి పరుపు గాదే, చేత్తో కుట్టింది," అన్నాడు కదా, ఆయన కరిగిపోయాడు.

"ఏం పని చేస్తుండావు నాయనా?"

"మీ కంపెనీలోనే మామా. కరెంటు పని."

"ఓహో. అయితే నీకు తెలిసే ఉంటది. మీలోనే వాడెవుడో ఉండాడు, ఎలక కన్నా అన్యాయం. నేను పరుపు పరిస్తే గుంతలు తవ్విపెట్టి పోతుండాడు."

నాజియా వంటగది గుమ్మంలోంచి కళ్లతోనే రమీజ్‌కి చెప్పింది, నోరెత్తొద్దని. రమీజ్ బిరియానీ ముద్దతో నోరు మూసుకున్నాడు. ఇవాళ్టికి మాట ఖాయం కానిద్దాం, మెల్లగా తర్వాత చెప్పుకుందాం అని ఇద్దరి కళ్లూ ఒప్పందం చేసుకున్నాయి.

"ఆ అమ్మ నిన్న నాకే నేరుగా ఫోను చేసింది," నన్నే సాహెబ్ ఉత్సాహంగా అన్నాడు. "ఈ పొద్దు వాళ్లింట్లో ఆడోళ్ల పార్టీ అంట, గది చల్లగా ఉండాలంది. పోయొచ్చా. అన్ని గుంతలూ పూడ్చేసి, మళ్లీ తవ్వకుండా పైన వెండి టేపు గూడా వేసొచ్చా. ఇప్పుడు తవ్వమను చూద్దాం!"

రమీజ్ చేతిలో ముద్ద పళ్లెంలోకి జారింది. నాజియా పెరుగుగిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఒట్టు పెట్టింది తను. ఆవిడ తనని దాటి నాయనకే ఫోను చేస్తుందని అనుకోలేదు.

"పార్టీ ఇప్పుడేనా మామా? లైట్లన్నీ ఏసుకుని ఉంటారా?"

"వేసుకోకుండా ఎట్లా ఉంటది ఆ తల్లి?"

రమీజ్ లేచి నిలబడ్డాడు. "ఆ గుంతలు తవ్వింది నేనే మామా. ఇప్పుడు పోయి మళ్లా తవ్వాల. ఆ ఇల్లు కాలుతాది."

నన్నే సాహెబ్ తలెత్తి ముందు అతన్ని, తర్వాత కూతుర్ని, ఆ తర్వాత ఖర్జూరాల డబ్బాని చూశాడు.

"ఎలకవి నువ్వేనా? పిల్లనడగను వచ్చినోడివి నా ఇంట్లో కూర్చోని నా పని తప్పంటావా?" ఆయన గొంతు మెల్లగానే ఉంది. అదే భయం. "ఒక్క మాట చెప్పు. నీకు పిల్ల కావాల్నా, గుంత కావాల్నా?"

ఖతీజాబీ, "ఏమయ్యా, అన్నం ముందర..." అంది. ఎవరూ వినలేదు.

రమీజ్ నాజియా వైపు చూశాడు. ఆ చూపులో ఎన్ని ఫోన్లు, ఎంత వాన, ఎంత నీళ్ల టీ ఉన్నాయో ఆమెకే తెలుసు.

"ముందు గుంత మామా," అన్నాడు.

ఏ అమ్మాయికైనా ఇలాంటి రోజు రాకూడదు. పాపం, తనకి పోటీగా ఇంకో పిల్ల వస్తే పోరాడొచ్చు. గుంతతో ఏం పోరాడుతుంది? నాజియాకి కోపం వచ్చింది. అతను అన్నది తప్పు కాదని తెలిసినందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. అయినా పెరుగుగిన్నె కింద పెట్టి, ఫోను తీసి, ఉమాదేవి గారికి చేసింది.

"మేడం, లైట్లన్నీ ఆపేయండి. మెయిను బోర్డులో బ్రేకరే దించేయండి. ఇప్పుడే."

"ఇప్పుడా? రీలు మధ్యలో ఉన్నామండీ!"

"ఏమన్నా కాలిన వాసన వస్తోందా?"

"కాలిన వాసనేం లేదు గానీ... ఎవరో కొత్త ఊద్ అత్తరు పూసుకొచ్చారు, గాఢంగా ఉంది, అందరం మెచ్చుకుంటన్నాం. ఎవరిదని అడిగితే ఎవరూ చెప్పట్లేదు."

"అది ఊద్ కాదు మేడం. మీ సీలింగు. అందర్నీ బయటికి పంపించేయండి."

ఇంత లావు కేక ఫోనులోంచి వచ్చింది. ఆ తర్వాత బ్రేకరు పడిన చప్పుడు, గాజుల చప్పుడు, మెట్ల మీద పరుగుల చప్పుడు.

కంపెనీ వ్యాను నన్నే సాహెబే నడిపాడు. ఉమాదేవి గారి ఇంటి ముందు పట్టుచీరల ఆడవాళ్లంతా ఎండలో నిలబడి, చేతుల్తో విసురుకుంటూ, ఫైరింజన్ని పిలవాలా వద్దా, వస్తే వాళ్లతో సెల్ఫీ దిగనిస్తారా అని మాట్లాడుకుంటున్నారు. ఈసారి బూట్లు విప్పమని ఎవరూ అడగలేదు.

మామా, కాబోయే అల్లుడో కాని అల్లుడో తెలియని ఆ కుర్రాడూ, ఇద్దరూ పైకెక్కారు. నాజియా నిచ్చెన చివర నిలబడి టార్చి పట్టుకుంది. నన్నే సాహెబ్ తను వేసిన వెండి టేపుని తనే చీల్చాడు. దుప్పటి ఎత్తాడు. అడుగున కాగితం నల్లగా మాడి, ముట్టుకుంటే పొడిగా రాలింది. వైరు తొడుగు మెత్తబడి మైనంలా ఉంది. మంట మాత్రం లేదు. ఇంకో పాట రీలు తీసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

"దూది మండలేదు చూడు," అన్నాడు నన్నే సాహెబ్. గొంతులో పౌరుషం సగమే ఉంది.

"మండలే మామా. నీ దూది మంచిది. అంత మంచిగా కప్పినావు గాబట్టే వేడి యాడికీ పోలేకపాయ."

నన్నే సాహెబ్ ఆ మాటని పరుపు ఒత్తి చూసినట్టు లోలోపల ఒత్తి చూశాడు. ఎక్కడా ఉండ తగల్లేదు.

"నీ గుంతలూ తప్పే," అన్నాడు. "ఒక్కో గుంతా ఒక్కో కిటికీ. పైవేడంతా దాంట్లోంచే దిగతుండాది. ఆ అమ్మ ఊరికే మొత్తుకోలేదు."

"నిజమే మామా. దానికే టోపీలు కావాలంటాండా."

"మరి ముందే చెప్పుండాల్సింది."

"ముందే చెప్పినా, నాజియాతో."

ఇద్దరూ కిందికి చూశారు. నాజియా టార్చి ఆర్పేసింది.

ముదీర్ మర్నాటికే టోపీలు తెప్పించాడు. ఉమాదేవి గారు ఊద్ కథనే రీలుగా పెడతానని ఫోను చేసిందిలెండి, ఎండాకాలం పోయేదాకా ఆగే ఓపిక ఆయనకి ఒక్కసారిగా పోయింది. రమీజ్ వైర్లు మార్చి, ప్రతి లైటు మీదా టోపీ బోర్లించాడు. లైటుకి కరెంటు ఇచ్చే చిన్న డబ్బాలని దూది మీదికి, గాలి తగిలేలా ఎత్తి పెట్టాడు. నన్నే సాహెబ్ టోపీల అంచు దాకా దూది కోసి, దర్జీ కాలరు కుట్టినట్టు అమర్చాడు. ఒకరి పని ఒకరు చూసి గొణుక్కోవడమే తప్ప మాటల్లేవు.

బల్బుల దగ్గర ఉమాదేవి గారు మళ్లీ మొరాయించింది. రమీజ్ రెండు లైట్లు వెలిగించి, ఏది పాతదో చెప్పమన్నాడు. ఆవిడ అద్దంలో ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇదేనండీ నా పాతది. ఈ బంగారం మెరుపు ఆ ఎల్ఈడీకి వస్తుందేంటి?" అని చూపించింది. చూపించింది ఎల్ఈడీనే. ఆ సంగతి చెప్పగానే ఆవిడ, మొదటి నుంచీ ఎల్ఈడీలే వేయమని తను మొత్తుకుంటున్నట్టు అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

పని అయిపోయింది. దాంతోనే తిప్పలు వచ్చిపడ్డాయి. ఇక ఆ ఇంటి నుంచి కంప్లైంటు రాదు. నాజియా రమీజ్‌కి ఫోను చేయడం మానేసింది, పనులన్నీ మెసేజీలో పంపేది. అతను "ఓకే మేడం" అని కొట్టేవాడు. నాజియా తిరిగి మేడం అయిపోయింది. తనకంటే గుంతని ముందు పెట్టినవాడితో ఏం మాట్లాడాలి? మాట్లాడకుండా ఎలా ఉండాలి? నాయన ఇంట్లో ఆ మాటే ఎత్తడం లేదు. బీరువా మీద మూట అలాగే ఉంది.

"గుంతనే కోరుకున్నాడమ్మా వాడు," అంది నాజియా ఒకరోజు తల్లి ఒళ్లో తలపెట్టి.

"ఎవరో ఊరూ పేరూ తెలీని ఆడోళ్లు కాలిపోకూడదని సంబంధం వదులుకున్నోడు, రేపు నిన్ను నిప్పుల్లో వదిలేస్తాడంటావా?" అంది ఖతీజాబీ, జుట్టు చిక్కు తీస్తూ. "నేనైతే అడగనన్నా అడగను, పోయి నిఖా చదివించేస్తా."

నాజియా లేచి కూర్చుంది. ఆ ఆదివారం పొద్దున్నే రమీజ్‌కి ఫోను చేసింది. మెసేజీ కాదు, ఫోనే.

"కాలు గారూ, కంప్లైంటు ఉంది."

"యాడ మేడం?"

"కుసైస్‌లోనే. మా ఇల్లు. లైటు కాదు. వచ్చి చూస్తే తెలుస్తుంది. యల్లా, బయల్దేరండి."

"పులి ఉండాదా ఇంట్లో?"

"ఉంది. పిలవమన్నది పులే."

రమీజ్ వచ్చేసరికి తలుపు తీసే ఉంది. గదిలో మంచం నిలబెట్టి గోడకి ఆనించారు. గదంతా తెల్లగా మంచు కురిసినట్టుంది. మధ్యలో నన్నే సాహెబ్, తల మీదా గడ్డం మీదా దూదిపోగులతో, కొత్త పరుపు సంచీలోకి బూరుగుదూది కూరుతున్నాడు. బీరువా మీద మూట లేదు.

రమీజ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. బూట్లు విడిచాడు. కొత్త మేజోళ్లకి అప్పుడే బొటనవేలి దగ్గర చిల్లు పడింది. వంటగదిలోంచి అది చూసి నాజియా పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

నన్నే సాహెబ్ తలెత్తలేదు. సంచీ మూల దాకా చెయ్యి దూర్చి, సర్ది, ఒత్తి, మళ్లీ సర్దాడు. చివరికి చెయ్యి బయటికి తీసి, గట్టిగానే అడిగాడు.

"అన్నీ తెలిసినోడివి, ముందే చెప్పు. దీంట్లో యాడన్నా ఖాళీ వదలాల్నా, అల్లుడా?"

రమీజ్ వంటగది వైపు చూశాడు.

"ఈ పరుపులో వద్దు మామా," అన్నాడు. "ఈసారి ఎంత దగ్గరగా కుక్కినా నేనేమనను."